రాత్రికి బోటును ఏట్లో వదిలేటప్పుడు లంగరు ఎలా వేయాలి

సాయంత్రం బోటును ఏట్లో వదిలి ఇంటికొస్తాం. అన్నం తిని పడుకున్నాక ఏ అర్ధరాత్రో తాటాకులు గలగలమంటాయి. గాలి మళ్ళిందని తెలుస్తుంది. ఇక నిద్ర పట్టదు. లంగరు పట్టి ఉందా, తాడు చాలిందా, పక్క బోటుకు కొట్టుకుంటోందా అని ఒకటే టెన్షన్. బోటు, ఇంజను, వలలు కలిపి లక్షల రూపాయల బతుకుదెరువును ఒక తాడు చివర కట్టి వచ్చాం మరి. ఆ దిగులు తగ్గాలంటే సాయంత్రం ఒక అరగంట ఎక్కువ పని చేయాలి. ఆ అరగంటలో ఏమేం చేయాలో చెబుతాను.

నేను చెప్పేది 28 నుంచి 32 అడుగుల ఫైబర్ బోటు గురించి. కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరులోనో, పెన్న, గుండ్లకమ్మ సముద్రంలో కలిసే చోటనో నిలిపే బోటు అనుకోండి. మైపాడు, పాకల, కొత్తపట్నం లాంటి ఊళ్ళ ముందు అలలు విరిగే చోటు దాటి సముద్రంలో నిలిపినా పద్ధతి ఇదే, కొలతలు మారతాయి.

లంగరు ఎలా పట్టుకుంటుంది

బరువైనది ఏదో ఒకటి నీళ్ళలో పడేస్తే బోటు ఆగుతుందని చాలామంది అనుకుంటారు. రాయికి తాడు కట్టి దించేవాళ్ళు, సిమెంటు దిమ్మ పోసుకుని దించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గట్టు మీద 20 కిలోలు తూగే రాయి నీళ్ళలో 12 కిలోలే తూగుతుంది. సిమెంటు దిమ్మ అంతకంటే కాస్త తక్కువే. అదే 20 కిలోల ఇనుము నీళ్ళలో కూడా 17 కిలోల పైనే ఉంటుంది. ఆ 17 కిలోలు కూడా గాలికి ఊగే బోటును వాటి బరువుతో ఆపలేవు. బోటును ఆపేది లంగరు ముల్లు నేలలోకి దిగి పట్టుకునే పట్టు.

నాగలిని తలచుకోండి. ఎద్దులు ముందుకు లాగుతుంటే కర్రు మట్టిలోకి దిగుతూ పోతుంది. మేడి తిప్పి కర్రు పైకి లేపితే నేల వదిలేస్తుంది. లంగరూ అంతే. తాడు నేలకు దాదాపు ఆనుకుని అడ్డంగా లాగితే ముల్లు ఇంకా లోపలికి దిగుతుంది. తాడు నిలువుగా పైకి లాగితే ఎంత మంచి లంగరైనా ఊడి వస్తుంది. తాడు పొడుగ్గా వదలమనేది అందుకే.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక ఏడాది కార్తీక పౌర్ణమి రోజు మధ్యాహ్నం మూడింటికి ఏట్లో లంగరు వేశాను. అప్పుడు ఆటు చివర, నీళ్ళు నా ఛాతీ దాకా ఉన్నాయంతే. ఇంత తక్కువ నీళ్ళకు ఎక్కువ తాడెందుకని నాలుగు బారలు (బార అంటే చాచిన రెండు చేతుల పొడవు, సుమారు 1.8 మీటర్లు) వదిలి కట్టేశాను. రాత్రి తొమ్మిదికి పోటు నిండింది, ఈశాన్యం నుంచి గాలి లేచింది. తాడు నిలువుగా బిగిసి లంగరు నేల వదిలేసింది. పొద్దున వెళ్ళేసరికి బోటు గట్టు రాళ్ళ మీద పక్కకు ఒరిగి ఉంది. అడుగున మూరెడు పగులు. లంగరు మాత్రం ముళ్ళు కూడా వంగకుండా అలాగే వేలాడుతోంది.

సామాను

నాలుగు ముళ్ళ లంగరు మన తీరంలో ఎక్కువగా కనిపిస్తుంది. రాళ్ళున్న చోట అది బాగా తగులుకుంటుంది. ఇసకలో, బురదలో దాని సన్నటి ముళ్ళు గీసుకుంటూ పోతాయి. మన ఏర్లలో ఉండేదేమో బురద, బయట ఉండేది ఇసక. అందుకని రాత్రికి రెండు వెడల్పాటి రెక్కలుండి, ఆ రెక్కలు ఇటూ అటూ మడత పడే లంగరు వాడండి. దాన్ని డాన్‌ఫోర్త్ అంటారు. 30 అడుగుల ఫైబర్ బోటుకు 10 నుంచి 12 కిలోలది సరిపోతుంది. నాలుగు ముళ్ళదాన్ని పారేయకండి, అది రెండో లంగరుగా బోటులో ఉండాలి.

లంగరుకు నేరుగా తాడు కట్టకండి. మధ్యలో జింకు పూత వేసిన గొలుసు ఉండాలి, కనీసం నాలుగైదు మీటర్లు. గొలుసు బరువుకు నేల మీద పడుకుని లాగుడును అడ్డంగా ఉంచుతుంది. ఏటి అడుగున ఆలిచిప్పలుంటాయి, అవి తాడును బ్లేడులా కోస్తాయి. గొలుసును కోయలేవు. గొలుసును లంగరుకు కలిపే షాకిల్ మర రాత్రంతా ఊగి ఊగి వదులవుతుంది. మర బిగించాక దాని కంట్లోంచి ఇనుప తీగ దూర్చి మెలిపెట్టండి. రెండు నిమిషాల పని, బద్ధకించకండి.

తాడు నైలాన్‌ది, 12 నుంచి 16 మిల్లీమీటర్ల మందం. నైలాన్ సాగుతుంది కాబట్టి అల కొట్టినప్పుడు కుదుపును మింగుతుంది, నీళ్ళలో మునుగుతుంది. చవగ్గా దొరికే రంగు ప్లాస్టిక్ తాళ్ళు నీళ్ళ మీద తేలతాయి. పక్కన పోయే బోటు ఫ్యానుకు, అంటే నీళ్ళలో తిరిగే ఇంజను రెక్కలకు చుట్టుకుంటాయి. ఎండకు రెండు వేసవులు మాడితే నార రాలిపోతుంది. తాడు మీద అయిదు బారలకొకచోట రంగు పూసో, గుడ్డ పీలిక అల్లో గుర్తు పెట్టుకోండి. చీకట్లో ఎంత వదిలామో చేతికి తెలియాలి.

చోటు

చోటు చూసేటప్పుడు తొందరపడకండి. వెలుగుండగానే చేరుకోండి. పక్కన ఉన్న బోట్లను అడగండి, మీకంటే ముందు అక్కడ వేసినవాళ్ళకే అడుగు తెలుసు. "అన్నా, ఇక్కడ అడుగు బురదా ఇసకా, రాత్రికి నీళ్ళెంత తీస్తాయి?" అంటే చెప్పనివాళ్ళు ఉండరు.

అయినా మీ చేత్తో మీరూ చూసుకోండి. ఒక సన్నటి తాడుకు వలకు కట్టే సీసపు గుండ్లు నాలుగు కలిపి కట్టి, అడుగు భాగానికి సబ్బో గ్రీజో పట్టించి దించండి. లోతు తెలుస్తుంది, అడుగున ఏముందో కూడా అంటుకుని వస్తుంది. ఇసక అంటితే ఇసక, నల్లటి జిగట అంటితే బురద. ఏమీ అంటకుండా సబ్బు మీద గీతలు పడితే రాయి. రాయి అయితే ఇంకో చోటు వెతకండి.

దూరంగా ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. కృష్ణపట్నం పోర్టుకు ఓడలు, టగ్గులు వచ్చే కాలువ దగ్గర లంగరు వేయకూడదు, ఒక్క గంటకైనా సరే. ఏట్లో వేరేవాళ్ళ వల కర్రలుంటాయి. రొయ్యల గుంటలకు నీళ్ళు తోడే మోటారు పైపులు గట్టు నుంచి ఏటి మధ్యకు దిగి ఉంటాయి. ఆ పైపుకు లంగరు తగులుకుంటే పైపూ పోతుంది, ఊరితో గొడవా వస్తుంది. పోటు నిండినప్పుడు ఇవేవీ కనపడవు, ఆటులో ఒకసారి ఆ చోటంతా తిరిగి చూసి పెట్టుకోండి.

తర్వాత, బోటు తిరిగే జాగా. లంగరు మీద బోటు ఒక్క చోటే ఉండదు. సాయంత్రం సముద్రపు గాలికి ముక్కు తూర్పుకు ఉంటుంది. అర్ధరాత్రి దాటాక నేల మీది గాలి పడమర నుంచి వస్తే బోటు మొత్తం వెనక్కి తిరుగుతుంది. తాడు 32 మీటర్లు, బోటు 9 మీటర్లు అయితే చుట్టూ 41 మీటర్ల దాకా ఏదీ అడ్డం ఉండకూడదు. ఇంకో సంగతి. తేలికైన ఫైబర్ బోటు గాలి మాట వింటుంది, బరువైన మరబోటు నీటి లాగుడు మాట వింటుంది. రెండూ ఒకే సమయానికి ఒకే వైపు తిరగవు. మరబోటు పక్కన వేస్తే జాగా ఇంకా ఎక్కువ వదలండి.

తాడు లెక్క

ఈ భాగం ఒకటికి రెండుసార్లు చదవండి. తాడు పొడవును ఇప్పుడున్న లోతుతో లెక్కేయకూడదు. రాత్రి పోటు నిండినప్పుడు ఉండే లోతుకు, నీటి మట్టం నుంచి బోటు ముక్కు ఎత్తు కూడా కలపాలి. వచ్చిన దానికి ఏడు రెట్లు తాడు వదలాలి. పగలు అన్నం తినడానికి గంటసేపు ఆగితే మూడు నాలుగు రెట్లు చాలు. రాత్రికి ఏడు. గాలి గట్టిగా ఉండి మరో దారి లేకపోతే పది.

లెక్క చేసి చూద్దాం. ఆటులో కొలిస్తే లోతు రెండున్నర మీటర్లు. మన తీరంలో పోటుకు నీళ్ళు ఇంచుమించు ఒక మీటరు లేస్తాయి, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఎక్కువ, అష్టమి చుట్టుపక్కల తక్కువ. బోటు ముక్కు నీళ్ళ నుంచి ఒక మీటరు ఎత్తు. మొత్తం నాలుగున్నర మీటర్లు. ఏడు రెట్లంటే 31.5 మీటర్లు, బారల్లో పదిహేడున్నర. ఇందులో గొలుసు కూడా కలిపి లెక్క. రెండున్నరను మాత్రమే ఏడు రెట్లు చేసి ఉంటే 17.5 మీటర్లు వదిలేవాళ్ళం. పోటు నిండేసరికి అది నాలుగు రెట్లు కూడా కాదు. నా బోటు రాళ్ళెక్కింది ఈ లెక్క తప్పడం వల్లే.

సముద్రంలో ఆరు మీటర్ల నీళ్ళలో వేస్తే ఇదే లెక్కకు 56 మీటర్లు కావాలి, అంటే 31 బారలు. అంత తాడు బోటులో లేకపోతే అక్కడ రాత్రికి ఆగకండి.

పోటు ఎప్పుడో తెలియకుండా ఈ లెక్క కుదరదు. పోటుకు ఆరు గంటలు, ఆటుకు ఆరు గంటలు, పైన కొన్ని నిమిషాలు. రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఇవాళ రాత్రి తొమ్మిదికి నిండితే రేపు పది కావస్తుండగా నిండుతుంది. మీ ఏట్లో ఒక గుంజ మీద పౌర్ణమి నాటి పోటు గుర్తు, ఆటు గుర్తు గీసి పెట్టుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది.

జాగా ఇరుకై అంత తాడు వదలలేకపోతే ఒక ఉపాయం ఉంది. తాడు సగం దూరంలో ఏడెనిమిది కిలోల బరువు వేలాడదీయండి. అది తాడును కిందికి వంచి లంగరు దగ్గర లాగుడును అడ్డంగా ఉంచుతుంది. రాయి సరిగ్గా పనికొచ్చేది ఇక్కడే.

దించడం

ముందు తాడు చిక్కుల్లేకుండా పరిచి పెట్టుకోండి. తాడు రెండో కొస ముక్కు దగ్గరి గుంజకు కట్టి ఉందో లేదో చూడండి. చేతిలోని తాడంతా జారిపోయి, కొస కట్టలేదని అప్పుడు తెలిసినవాళ్ళు ఉన్నారు.

గాలికీ నీటి లాగుడుకూ ఏది గట్టిగా ఉంటే దానికి ఎదురుగా మెల్లగా వెళ్ళండి. అనుకున్న చోటు దాటి కాస్త ముందుకు పోయి ఇంజను తగ్గించండి. బోటు పూర్తిగా ఆగి వెనక్కి జరగడం మొదలైనప్పుడు లంగరును చేత్తో దించండి. ఊపి విసరకండి, గొలుసు ముళ్ళకు చుట్టుకుంటుంది. కాళ్ళు తాడు చుట్టల మధ్య ఉండకూడదు.

లంగరు నేలకు తగలగానే బోటు వెనక్కి జరిగే కొద్దీ తాడు వదులుతూ రండి. లోతుకు మూడు రెట్లు పోయాక గుంజకు ఒక చుట్టు వేసి మెల్లగా బిగించండి. ముల్లు దిగడం మొదలవుతుంది. మిగతా తాడు వదిలి కట్టేయండి. ఇంజనుకు రివర్సు ఉంటే నిమిషం పాటు తక్కువ వేగంతో వెనక్కి లాగండి. రివర్సు లేకపోతే ఇద్దరు ముక్కు దగ్గర నిలబడి తాడును గట్టిగా రెండు మూడుసార్లు లాగి చూడండి.

ఇప్పుడు బిగిసిన తాడు మీద అరచెయ్యి పెట్టండి. పట్టిన లంగరు తాడు నిబ్బరంగా బిగిసి ఉంటుంది. జారుతున్న లంగరు తాడు గడగడమని అదురుతుంది, నేల మీద ముల్లు గీసుకుంటున్న అదురు అది. ఒకసారి తెలిస్తే మరిచిపోరు. అదురు ఉంటే తీసి మళ్ళీ వేయండి. మూడుసార్లయినా సరే, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

తాడు ఎప్పుడూ ముక్కుకే కట్టాలి. వెనక కట్టి వదిలితే ఇంజను బరువుతో కిందికి దిగి ఉన్న వెనక వైపు నుంచి అల లోపలికి కొడుతుంది. ఫైబర్ బోటు నీళ్ళు నిండి మునగడానికి అంత కంటే ఏమీ అక్కర్లేదు. తాడు బోటు అంచుకు రాసుకునే చోట మూరెడు నీళ్ళ పైపు ముక్కను చీల్చి తొడిగి, అటూ ఇటూ దారంతో కట్టండి. పైపు లేకపోతే పాత సైకిల్ ట్యూబు చుట్టండి. రాత్రికి కొన్ని వేల సార్లు రాసుకునే చోటది.

ఇరుకు ఏట్లో రెండు లంగర్లు

ఉప్పుటేట్లో నీళ్ళు ఆరు గంటలు ఒక వైపు, ఆరు గంటలు ఇంకో వైపు లాగుతాయి. ఒకే లంగరు వేస్తే ప్రతి మళ్ళింపుకూ అది ఊడి మళ్ళీ పట్టాలి. అందుకని ఏటి పొడవునా రెండు వేయండి. నీటికి ఎదురుగా వెళ్ళి మొదటిది దించి, కావాల్సిన దానికి రెట్టింపు తాడు వదులుతూ వెనక్కి రండి. అక్కడ రెండోది దించండి. మొదటి తాడును లాక్కుంటూ, రెండోదాన్ని వదులుకుంటూ నడిమికి వచ్చి రెండిటినీ ముక్కుకే కట్టేయండి. పోటుకు ఒకటి పట్టుకుంటుంది, ఆటుకు ఇంకొకటి. బోటు దాదాపు ఉన్న చోటే తిరుగుతుంది. రెండో తాడు వదులుగా వేలాడి ఫ్యానుకు తగలకుండా చిన్న బరువు కట్టి ముంచండి. రెండు మూడు రోజులు అలాగే ఉంటే తాళ్ళు పెనవేసుకుంటాయి, విప్పి సరిచేయాలి.

ఒకటి ముక్కుకు, ఒకటి వెనక్కు కట్టే పద్ధతి కూడా చూస్తుంటాం. గాలి పక్క నుంచి కొడితే బోటు తిరగలేక రెండు లంగర్ల మీదా బలమంతా పడుతుంది. రాత్రికి నేనైతే అలా వదలను.

వదిలి వెళ్ళే ముందు

గట్టు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు గుర్తులు చూసుకోండి. దగ్గర ఒక కరెంటు స్తంభం, దాని వెనక దూరంగా ఒక తాడిచెట్టు లాంటివి. ఇంకో దిక్కున మరో జత. బోటులో నిలబడి చూసినప్పుడు అవి ఒకే వరసలో ఉండాలి. తర్వాత ఆ వరస చెదిరి మళ్ళీ కలవకపోతే లంగరు జారినట్టే. బోటులో పడుకునేవాళ్ళు రాత్రి వెలిగే గుర్తులు పెట్టుకోవాలి. ఫోన్‌లో లంగరు అలారం యాప్‌లు కూడా ఉన్నాయి, పెట్టుకోండి. కానీ ఫోన్ చార్జింగ్ అయిపోయినా స్తంభమూ తాడిచెట్టూ ఉంటాయి.

దీపం తప్పనిసరి. సముద్ర నిబంధనల ప్రకారం లంగరు మీదున్న బోటు చుట్టూ కనపడేలా ఒక తెల్ల దీపం వేయాలి. దారికి అడ్డం లేని 7 మీటర్ల లోపు పడవలకే మినహాయింపు ఉంది, మన 30 అడుగుల బోటు 9 మీటర్లు. తెల్లవారుజామున మూడింటికి వేటకు బయల్దేరే బోట్లు మీ బోటును చూడాలంటే అదొక్కటే ఆధారం. ఇంజను పైకి లేపండి, ఆయిలు ట్యాంకు మూత బిగించండి, బరువులు మధ్యకు సర్దండి.

బోటులోనే పడుకుంటే

లైఫ్ జాకెట్ తలకింద పెట్టుకోకండి, వేసుకోండి. రెండో లంగరు తాడు కట్టి సిద్ధంగా ఉంచుకోండి. పదునైన కత్తి చేతికందే చోట ఉండాలి. నీళ్ళు మళ్ళే వేళకు, గాలి మళ్ళినప్పుడు లేచి చూడండి.

లంగరు జారుతుంటే కంగారు పడకుండా ముందు ఇంకో అయిదారు బారల తాడు వదలండి. చాలాసార్లు దాంతోనే పడుతుంది. వెనక జాగా లేకపోతే ఇంజను వేసి ముందుకు పట్టి ఉంచి రెండోది దించండి. బోటును చేతులతో ఆపుదామని నీళ్ళలోకి దూకకండి. బోటుకూ గట్టుకూ మధ్య, బోటుకూ బోటుకూ మధ్య మనిషి నలిగిపోతాడు. ప్రాణం మీదికి వస్తే తీరరక్షక దళం నంబరు 1554.

వాన, వరద, తుపాను

కార్తీక, మార్గశిర మాసాల్లో మన దగ్గర ఒక్క రాత్రిలో పది సెంటీమీటర్ల వాన పడడం కొత్తేమీ కాదు. 30 అడుగుల తెరిచిన బోటులో అంత వాన పడితే టన్నుకు పైగా నీళ్ళు నిలుస్తాయి. లంగరు ఎంత బాగా పట్టినా బోటు అక్కడే మునుగుతుంది. వాన కాలంలో టార్పాలిన్ మధ్యలో గెడ పెట్టి, నీళ్ళు బయటకు జారేలా కట్టండి. తెల్లారకముందే ఒకరు వెళ్ళి తోడాలి.

పెన్న మొగలో ఉండేవాళ్ళు సోమశిల డ్యాం నుంచి నీళ్ళు వదిలారంటే ఆ రోజే బోటు తీసేయాలి. 2021 నవంబరు వరదకు కోవూరు దగ్గర జాతీయ రహదారే తెగిపోయింది. అలాంటి నీళ్ళలో కొట్టుకొచ్చే చెట్లు, గుర్రపుడెక్క కుప్పలు లంగరు తాడుకు చుట్టుకుంటే ఏ తాడూ నిలవదు.

తుపానుకు మాత్రం లంగరును నమ్మకండి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును చూసినవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు, అడగండి. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర దాటినా మన తీరమంతా ఊడ్చుకుంటూ పైకి పోయింది. పోర్టులో మూడో నంబరు తుపాను హెచ్చరిక ఎక్కిందంటేనే బోటును ట్రాక్టరుతో ఒడ్డు మీద ఎత్తుకు లాగించి, ఇంజను విప్పి ఇంటికి తెచ్చుకోండి. ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లు చూసేదాకా ఆగితే ట్రాక్టరు దొరకదు. ట్రాక్టరు దొరకని ఏటివాళ్ళు గాలి తగలని లోపలి పాయలోకి తీసుకెళ్ళి మడచెట్ల చాటున, అన్ని వైపులా తాళ్ళతో కట్టాలి. ఆ రాత్రి బోటులో మనిషి ఉండకూడదు.

పొద్దున తీసేటప్పుడు

తాడును చేతులతో లాగి బోటును ముందుకు తేవడం నడుముకు దెబ్బ. ఇంజనుతో మెల్లగా లంగరు మీదికి వెళుతూ వదులైన తాడును లోపలికి చుట్టుకోండి. తాడు నిలువుగా అయ్యాక గుంజకు బిగించి ఆగండి. రెండు మూడు అలలకు బోటు లేచి పడుతుంటే లంగరు దానంతటదే నేల వదులుతుంది. అయినా రాకపోతే, వేసిన వైపుకు ఎదురు వైపు నుంచి లాగండి.

అడుగున రాళ్ళుండొచ్చని అనుమానం ఉంటే వేసేటప్పుడే లంగరు తల వైపు సన్నటి తాడు కట్టి, దాని కొసకు ఖాళీ ప్లాస్టిక్ డబ్బా కట్టి వదలండి. ఇరుక్కున్నప్పుడు ఆ తాడు పట్టి లాగితే ముల్లు వెనక్కి వచ్చేస్తుంది.

బురద అక్కడే కడిగేయండి. షాకిల్ తీగ చూడండి, తాడు అంచుకు రాసుకున్న చోట నార లేచిందేమో వేళ్ళతో తడమండి. నార లేచి ఉంటే ఆ ముక్క కోసి మళ్ళీ ముడి వేయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజుల్లో తాడును మంచినీళ్ళతో కడిగి, నీడలో ఆరేసి, గొలుసు తుప్పు గీకించి పెట్టుకోండి. తాడు కొసలు అటూ ఇటూ మార్చి కట్టడం కూడా అప్పుడే చేయండి, ఇంతకాలం లంగరు వైపు అరిగిన కొస ఇకపై బోటు వైపు వస్తుంది.